తెలంగాణ పోరాటం మీద నాటకం, సినిమా రాస్తున్నారా? ఊరంతా కనిపించేలా రాయడం ఎలా

నిజాం కాలం మీద, తెలంగాణ సాయుధ పోరాటం మీద నాటకం వేయాలనో, షార్ట్ ఫిల్మ్ తీయాలనో, వెబ్ సిరీస్ రాయాలనో అనుకునే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చాలా మంచి విషయం. కానీ మొదటి డ్రాఫ్టులు తిరగేస్తే ఎక్కువ వాటిలో అదే నలుగురు కనిపిస్తారు. మీసం తిప్పే దొర, ఎర్ర తువ్వాలు కట్టుకున్న హీరో, గుర్రాల మీద వచ్చే రజాకార్ల గుంపు, మూలన ఏడ్చే ఒక ఆడపిల్ల. మిగతా ఊరంతా వెనకాల నిలబడి నినాదాలిస్తుంటుంది.

ఆ వెనకాల నిలబడ్డవాళ్లే అసలు పోరాటం చేసినవాళ్లు. అణచివేతను ఎక్కువ మోసిందీ వాళ్లే. వాళ్లని ముందుకు తేవడానికి స్క్రిప్టు దశలో ఏమేం చేయాలో వరసగా చెబుతాను. కాస్టింగ్ దగ్గర "ఒక దళిత పాత్ర, ఒక ముస్లిం పాత్ర కూడా పెడదాం" అనుకుంటే ఈ పని జరగదు. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, సీన్లో నిర్ణయం ఎవరు తీసుకుంటారు అన్న రెండింటి దగ్గరే ఇది తేలిపోతుంది.

ముందు, కథ ఏ తారీఖున ఆపాలో తేల్చుకోండి

ఒక కాగితం మీద ఈ తారీఖులు రాసుకోండి. 1946 జూలై 4: కడవెండిలో గడీ (దొర ఉండే కోట లాంటి ఇల్లు) మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1948 సెప్టెంబర్ 13: భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. సెప్టెంబర్ 17: నిజాం లొంగిపోయాడు. 1951 అక్టోబర్: కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటం విరమించింది.

ఎక్కువమంది సెప్టెంబర్ 17 దగ్గర జెండా ఎగరేసి కథ ఆపేస్తారు. అక్కడ ఆపడం తేలిక, చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ ఒక్క నిర్ణయంతో కొన్ని వర్గాలు తెర మీంచి మాయమైపోతాయి. సైన్యం వచ్చిన రోజుల్లో, ఆ తర్వాతా ముస్లింల మీద జరిగిన హింస గురించి భారత ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ బృందం రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి అన్నిటికన్నా ఘోరంగా ఉందని చెప్పింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. కథ 17వ తేదీన ఆపితే ముస్లిం అనేవాడు మీ కథలో హింసించేవాడిగానే మిగిలిపోతాడు.

మాయమయ్యే రెండో వర్గం పోరాటం చేసిన రైతులూ కూలీలూ. నిజాం పోయాక వాళ్ల మీద వేట ఆగలేదు, ఇంకా పెరిగింది. పోరాటం మొత్తం మీద 4,000 మంది దాకా చనిపోయారని, 10,000 మందికి పైగా మూడు నాలుగేళ్లు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు. దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్లాక, వాళ్లకు అన్నం పెడుతున్నారన్న కారణంతో కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లోకి తోలారు. ఆ కోయలు సెప్టెంబర్ 17 కథలో అసలు పుట్టనే పుట్టరు.

"మా దగ్గర అంత బడ్జెట్ లేదు, నిడివి లేదు" అంటారా? అయితే ఇలా చేసి చూడండి. ఒకే ఇంటిని మూడుసార్లు సోదా చేసే మూడు చిన్న సీన్లు రాయండి. 1946లో అమీను (నిజాం పోలీసు అధికారి), దొర మనుషులు. 1948 వేసవిలో రజాకార్లు. 1949లో మిలిటరీ. ఇల్లు అదే, గురిగిలో గింజలు అవే, వాకిట్లో నిలబడే ముసలమ్మ అదే. యూనిఫాం, భాష, అడిగే ప్రశ్న మాత్రం మారతాయి. రజాకార్ల కాలంలో ఆ ఇంటి పక్కన ఒక దూదేకుల సాయిబు కుటుంబాన్ని పెట్టండి. మూడో సోదాకి ఆ పక్కిల్లు ఖాళీగా ఉంటుంది. ఎందుకు ఖాళీ అయిందో మీ పాత్రల్లో ఒకరు ప్రేక్షకుడికి చెప్పాలి, లేదా చెప్పలేక తల దించుకోవాలి. మూడు సీన్లూ కలిపి పదిహేను నిమిషాలు దాటవు. సెట్ ఒక్కటే చాలు.

ఒకే ఊరు తీసుకుని, ఇల్లిల్లూ రాసుకోండి

సంస్థానం మొత్తం చూపించాలని ప్రయత్నించకండి. 1941 నాటికే అక్కడ కోటీ అరవై లక్షల మందికి పైగా జనం. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్లు కలిసి బతికిన రాజ్యం అది. మీరు జనగామ పక్కనో, సూర్యాపేట పక్కనో ఒక ఊరు ఊహించుకోండి. దాని పటం గీయండి. గడీ ఎక్కడ, చెరువు ఎక్కడ, మాల మాదిగ వాడలు ఎంత దూరం, తండా ఎటువైపు, మసీదు ఉందా, బడి ఉందా, ఉంటే అందులో చదువు ఏ భాషలో (చాలాచోట్ల ఉర్దూలోనే). పటం గీయకుండా రాసిన స్క్రిప్టుల్లో అందరూ ఒకే వీధిలో తిరుగుతుంటారు. ఆ కాలపు ఊళ్లో అలా తిరగడం సాధ్యం కాదు.

తర్వాత ఒక్కో ఇంటి ముందు ఆ ఇంటివాళ్లు గడీకి కూలి లేకుండా చేసే వెట్టి ఏమిటో రాయండి. వెట్టి అందరికీ ఒక్కటి కాదు. చాకలివాళ్లు బట్టలు ఉతకడంతో పాటు గడీలో పసుపు, కారం దంచాలి, గిన్నెలు తోమాలి. కుమ్మరివాళ్లు కుండలు ఇచ్చుకోవాలి. గౌడులు రోజూ కల్లు ముంతలు పంపాలి. గొల్ల కురుమలు పండుగకీ పబ్బానికీ గొర్రెను తోలాలి. సాలెవాళ్లు బట్ట నేసి ఇవ్వాలి. మాల మాదిగలు చెప్పులు, తోలు సామాను ఇవ్వడం, సర్కారు కాగితాలు పట్టుకుని ఊళ్ల మధ్య పరుగెత్తడం, వచ్చిన అధికారుల మూటలు మోయడం, అన్నీ చేయాలి.

ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. ఎందుకంటే ప్రతి పాత్రకీ తెలిసిన సంగతులు వాళ్ల పనిలోంచే వస్తాయి. గడీకి ఎవరొచ్చారో చాకలికి తెలుస్తుంది. ఏ రాత్రి తాగుడు ఎక్కువైందో గౌడుకి తెలుస్తుంది. తహసీలు నుంచి ఏ కాగితం వచ్చిందో మోసుకొచ్చిన మాదిగ కుర్రాడికి ముందు తెలుస్తుంది, చదువు రాకపోయినా సరే, పట్వారీ (ఊరి భూముల లెక్కలు రాసేవాడు) ముఖం చూసి పోల్చుకుంటాడు. పాత్రకి తెలివి ఎక్కడిదో చూపిస్తే ఆ పాత్ర వెనక వరసలోంచి దానంతటదే ముందుకొస్తుంది.

ప్రతి సీన్‌కీ ఒక ప్రశ్న వేయండి: ఇక్కడ నిర్ణయం ఎవరిది?

మీ స్క్రిప్టులో పక్క మార్జిన్లో పెన్సిలుతో రాసుకుంటూ పోండి. సీన్ 4, నిర్ణయం హీరోది. సీన్ 5, దొరది. సీన్ 6, హీరోది. చివరికి లెక్క చూస్తే సంగతి తెలిసిపోతుంది. పేదవాళ్లు, ఆడవాళ్లు, తండావాళ్లు తెర మీద గంటసేపు ఉన్నా ఒక్క నిర్ణయం కూడా తీసుకోకపోతే వాళ్లు కథలో లేనట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. అజ్ఞాతంలో ఉన్న సంఘం (ఆంధ్ర మహాసభని ఊళ్లలో అలాగే పిలిచేవారు) నాయకుడు రాత్రి ఒక చాకలి ఇంటికి వస్తాడు. మామూలుగా ఏం రాస్తారు? ఆమె గంజి పోస్తుంది, కళ్లు తుడుచుకుంటుంది, అతను భవిష్యత్తు గురించి ఒక పెద్ద డైలాగ్ చెబుతాడు. దాన్నే ఇలా రాసి చూడండి:

"అవ్వా, ఈ రాత్రికి ఇక్కడ్నే పంటం."

"వద్దు బిడ్డా. ఇయ్యాల గడీల కెల్లి కాకి బట్టలు పద్నాలుగు జతలు పడ్డయి ఉతుక్కు. మొన్నటిదాంక నాలుగే ఉండె. కొత్తోళ్లు దిగిండ్రు. చెర్వు కట్ట మీదికెల్లి పోకుండ్రి, మర్రి బాయి దిక్కు పోండ్రి."

"మరి నువ్వు?"

"నేనెటు పోత? తెల్లారంగ ఆ బట్టలు నేనే ఉతకాలె. ఉతకకుంటె అనుమానం వస్తది."

కన్నీళ్లు లేవు, పెద్ద మాటలు లేవు. ఇక్కడ దళాన్ని కాపాడింది ఆమె లెక్క. ఎటు పోవాలో చెప్పింది ఆమె. తను ఉండిపోవడం కూడా ఆమె నిర్ణయమే. అణచివేత ఎంత దగ్గరగా ఉందో ఆ పద్నాలుగు జతల్లోనే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, టెన్షన్ పుడుతుంది. ఇలాంటి సీన్ ఒక్కటి పడితే మిగతా స్క్రిప్టు కూడా దాని స్థాయికి రావాల్సి వస్తుంది.

ఆడవాళ్లని ఒక్క మూసలో పోయకండి

పాలకుర్తి ఐలమ్మ పేరు అందరూ ఎత్తుతారు. ఎత్తాల్సిందే. కానీ ఆమెని చేత్తో కర్ర పట్టుకున్న విగ్రహంగా చూపిస్తే సరిపోదు. ఆమె మక్తేదారు అనే భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుని సాగు చేసిన రైతు. విసునూరు దేశ్‌ముఖ్ (ఆ ప్రాంతపు పెద్ద దొర) రామచంద్రారెడ్డి మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం వాళ్ల అండతో ధాన్యాన్ని ఇంటికి చేర్చుకుంది. ఇందులో కౌలు ఉంది, కోర్టు ఉంది, కోత ఉంది, ఇంటి మీద దాడి ఉంది. ఒక చాకలి స్త్రీ భూమి కౌలుకు చేయడమే గడీకి ఎందుకంత కోపం తెప్పించిందో చూపించండి. కులం, భూమి, ఆడమనిషి అన్న మూడు విషయాలూ ఒకే పొలం గట్టు మీద కలుస్తాయి.

దొడ్డి కొమరయ్య చనిపోయిన కడవెండి గడీలో పెత్తనం చేసింది కూడా ఒక స్త్రీయే, విసునూరు దొర తల్లి జానమ్మ. ఆడమనిషి అనగానే బాధితురాలే అనుకుంటే ఈ పాత్ర మీ చేతికి చిక్కదు.

మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి భూమి ఉన్న కుటుంబాల నుంచి వచ్చి తుపాకీ పట్టినవాళ్లు. వాళ్ల ధైర్యం గొప్పది. అయితే గడీలో పెళ్లికూతురితో పాటు అత్తారింటికి పంపించే ఆడబాపల జీవితం వేరు. పెళ్లి లేదు, కూలి లేదు, దొర చెయ్యి వేస్తే కాదనే దిక్కు లేదు. అలాంటి ఇళ్లలోంచి కూడా దళాల్లోకి వచ్చిన స్త్రీలున్నారు. మీ కథలో ఈ ఇద్దరు స్త్రీలూ ఒకే దళంలో ఉంటే వాళ్ల మధ్య మాటలు ఎలా ఉంటాయి? ఒకరు ఇల్లు వదిలి వచ్చారు. ఇంకొకరికి వదలడానికి ఇల్లే లేదు. నాకైతే మొత్తం పోరాటంలో ఇంతకన్నా మంచి సీన్ తోచదు.

స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదవకుండా ఈ పాత్రలు రాయొద్దని నా గట్టి మాట. పోరాటంలో ఉన్న స్త్రీల గొంతులే అందులో ఉన్నాయి. అడవిలో బిడ్డను కని వేరేవాళ్ల చేతికి ఇవ్వాల్సి రావడం, అన్నింటికీ తెగించి వచ్చాక పోరాటం ఆగిపోతే "ఇక ఇంటికి పో" అనిపించుకోవడం వాళ్లే చెప్పుకున్నారు. శత్రువు పెట్టిన బాధతో పాటు సొంత పార్టీ మిగిల్చిన బాధ కూడా మీ కథలోకి రావాలి.

అత్యాచారం గురించి. అది జరిగింది, పెద్ద ఎత్తున జరిగింది, దాచకూడదు. కానీ దాన్ని చూపించే సీన్ రాయకండి. మూసిన తలుపు, బయట అరుగు మీద కూర్చోబెట్టిన మగవాళ్లు, మర్నాడు బావి దగ్గర నోరు విప్పని ఆడవాళ్లు చాలు. ఆ తర్వాత ఆమె ఏం చేసింది అన్నది కచ్చితంగా రాయండి. చాలా స్క్రిప్టుల్లో ఆమె బావిలో దూకుతుంది, హీరో పగ తీర్చుకుంటాడు. నిజంలో చాలామంది బతికారు. పొలానికి వెళ్లారు, సాక్ష్యం చెప్పారు, మళ్లీ దళానికి అన్నం మోశారు.

ముస్లిం పాత్ర ఒక్కటి కాదు, కనీసం ముగ్గురు కావాలి

ఒక్క మంచి ముస్లింని పెట్టి లెక్క సరిచేశాం అనుకోవద్దు. ఆ మంచివాడు రెండో అంకంలో హీరో కోసం చనిపోతాడు, అంతే. చరిత్రలో ఉన్నవాళ్లని చూడండి.

షేక్ బందగీ కామారెడ్డిగూడెం రైతు. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో కోర్టుల్లో పోరాడి గెలిచాడు. 1940లో అతన్ని చంపేశారు. ఆయన సమాధి దగ్గర ఊళ్లవాళ్లు కూడేవారు. సాయుధ పోరాటానికి ముందే భూమి కోసం ప్రాణమిచ్చింది ఒక పేద ముస్లిం రైతు, చంపించింది ఒక హిందూ దొర. ఇది ఒక్కటి పెడితే చాలు, "హిందువులకూ ముస్లింలకూ జరిగిన గొడవ" అనే తేలిక కథ నిలబడదు.

షోయబుల్లా ఖాన్ ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు. రజాకార్లని విమర్శిస్తూ, సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో అతన్ని చంపి, రాసే చేతిని నరికారు. మఖ్దూం మొహియుద్దీన్ కవి, కమ్యూనిస్టు, అజ్ఞాతంలో గడిపినవాడు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ లాతూరులో వకీలు. ఈ నలుగురిదీ ఒకటే మతం. నాలుగు రాజకీయాలు.

మీ ఊహా గ్రామంలో దీన్ని ఎలా దించాలి? ఒకరు దొర దగ్గర జీతం చేసే సాయిబు. ఒకరు ఉర్దూ మీడియంలో చదివి రజాకార్ల ఉపన్యాసం విని యూనిఫాం వేసుకున్న ఆ సాయిబు కొడుకు. ఒకరు ఆ కొడుకుని ఆపలేకపోయిన తల్లి. కొడుకు పాపం చేశాడు, దానికి శిక్ష తల్లి మీద పడింది, 1948 సెప్టెంబర్ తర్వాత. ఈ మూడు పాత్రలు ఒకే ఇంట్లో ఉంటే మీరు ఎవరినీ వెనకేసుకు రావాల్సిన పనిలేదు, ఎవరి నేరాన్నీ తగ్గించాల్సిన పనిలేదు. రజాకార్ల దారుణాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో రజాకార్లు చేసిన ఊచకోత గురించి ఆ ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. ఆ పక్కనే, వాళ్లతో చేతులు కలిపిన హిందూ దేశ్‌ముఖ్‌లు కూడా మీ కథలో ఉండాలి.

దళితులు రెండు దారుల్లో ఉన్నారు, రెండూ చూపించండి

ఎక్కువమంది రచయితలకి ఇక్కడే చెయ్యి ఆగుతుంది. సంఘంలో చేరి, తుపాకీ మోసి, చనిపోయిన దళితులు చాలామంది. అయినా పేర్లు మిగిలినవి ఎక్కువగా భూస్వామ్య కుటుంబాల నాయకులవి. మీ దళంలో నిర్ణయాలు చేసే వరసలో దళితులు ఎందుకు తక్కువ అన్న ప్రశ్న ఒక పాత్ర నోట అడిగించండి. జవాబు చెప్పాల్సిన నాయకుడు మంచివాడే కావచ్చు. మంచివాడు తడబడితేనే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది.

రెండో దారి గురించి చాలామంది రాయనే రాయరు. హైదరాబాద్‌లో అంతకుముందే భాగ్యరెడ్డి వర్మ దళితుల కోసం ఆది హిందూ ఉద్యమం నడిపారు. 1947, 48 నాటికి దళిత నాయకుల్లో కొందరు నిజాం ప్రభుత్వం వైపు నిలబడ్డారు. బి.ఎస్. వెంకట్రావు నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి. శ్యాంసుందర్ ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాద్ ప్రతినిధి బృందంలో ఉన్నారు. అంబేద్కర్ మాత్రం నిజాం వైపు వెళ్లొద్దనే అన్నారు. ఎవరు ఒప్పు అని మీరు తీర్పు చెప్పక్కర్లేదు. కానీ మాలవాడలో ఒక పెద్దమనిషి చేత ఈ వాదన నిజాయితీగా చెప్పించండి: "రేపు వచ్చే రాజ్యంల గడీ దొరే మంత్రి అయితడు గద, మనకు ఏం మారుతది?" దీనికి మీ హీరో దగ్గర సులువైన జవాబు ఉండకూడదు. ఆయన్ని ద్రోహిగా చూపించడం అన్యాయం.

కుల దూషణలు వాడాలా వద్దా అన్నది టీమంతా కూర్చుని మాట్లాడుకోండి. నా పద్ధతి ఇది: దొర నోట ఒకసారి, అదీ కథకి అవసరమైన చోట. అప్పుడు కెమెరా తిట్టేవాడి మీద కాదు, వినేవాడి మీద ఉండాలి. ప్రేక్షకులు నవ్వే చోట మాత్రం ఎప్పటికీ వద్దు.

లంబాడాల విషయానికొస్తే, దొరతో ధర్మాపురం తండావాళ్లు భూమి కోసం చేసిన పోరాటం ఒక్కటే పూర్తి నాటకానికి సరిపోతుంది. పాటకీ, డ్యాన్సుకీ తండాని వాడుకోవడం మానేయండి. వాళ్లు మీ కథలో దున్నాలి, గొడవపడాలి, తమలో తాము లంబాడీలోనే మాట్లాడుకోవాలి. కింద తెలుగు అక్షరాలు వేయండి, సరిపోతుంది.

ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడతారో పట్టిక వేయండి

పెద్ద తప్పు ఏమిటంటే, దుర్మార్గులంతా ఉర్దూలో, మంచివాళ్లంతా పుస్తకాల తెలుగులో మాట్లాడటం. దొరల్లో చాలామంది తెలుగువాళ్లే. వాళ్ల తిట్లు, ఆజ్ఞలు తెలుగులోనే. ఊరివాళ్లు "నీ బాంచన్, కాల్మొక్త" అన్నది ఆ దొరలతోనే. ఉస్మానియాలో చదివిన సంఘం కుర్రాడు కాగితం రాస్తే ఉర్దూలో రాసే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే అక్కడ పాఠాలు జరిగింది ఉర్దూలో. కోర్టూ, తహసీలూ, పోలీసు ఠాణా ఉర్దూలో నడిచేవి. తెలుగుకి ఎంత చిన్నచూపు ఉండేదంటే, 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని హాలులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది.

అందుకే పట్టిక. అడ్డంగా పాత్రల పేర్లు, నిలువుగా కూడా అవే పేర్లు. ప్రతి గడిలో ఇద్దరి మధ్య నడిచే భాష, పిలుపు. చాకలి స్త్రీ దొరని ఏమని పిలుస్తుంది, దొర ఆమెని ఏమని పిలుస్తాడు, అమీను దొర దగ్గర ఎలా మెత్తబడతాడు, సంఘం వచ్చాక ఏ పిలుపు మారింది. గడీ మెట్ల మీద "ఏందే" అని పిలిపించుకునే మనిషిని సంఘం సభలో "అవ్వా" అన్న క్షణం ఒక పెద్ద మార్పు. దానికి ఏ నేపథ్య సంగీతమూ అక్కర్లేదు.

1949 సీన్లకి ఒక సలహా. మిలిటరీవాళ్లకి తెలుగు రాదు. మధ్యలో మాట మార్చి చెప్పడానికి ఒక పట్వారీని పెట్టండి. ఒక కోయ ముసలాయన ఐదు వాక్యాలు చెబుతాడు, పట్వారీ రెండే చెబుతాడు. ఏ రెండు చెప్పాడు, ఏ మూడు మింగాడు అన్నదే ఆ సీన్.

అణచివేత అంటే తుపాకీ ఒక్కటే కాదు

సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలని నిజాం ప్రభుత్వం తెచ్చిన గస్తీ నిషాన్ 53 కాగితాన్ని చూపించండి. గ్రంథాలయ వార్షికోత్సవానికి కూడా అనుమతి కోసం తిరిగిన కుర్రాడు ఎన్నిసార్లు తహసీలు మెట్లెక్కాడో చూపించండి. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్లో బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశారు. కాగితం దొరకకుండా చేయడం కూడా ఒక శిక్షే. సైన్యం వచ్చాక ప్రత్యేక కోర్టుల్లో పన్నెండు మందికి ఉరిశిక్ష పడితే, వాళ్ల తరఫున వాదించడానికి డి.ఎన్. ప్రిట్ అనే లాయరు బ్రిటన్ నుంచి వచ్చారు. ఉరికంబం చూపించకపోయినా, తారీఖు వాయిదా పడిందన్న కబురు కోసం ఊళ్లో ఎదురుచూసే భార్యని చూపించొచ్చు.

నటులు, టీమ్

ఇది తొందరగా చెబుతాను, చేయడం మాత్రం తొందరగా అవదు. లంబాడా పాత్రకి లంబాడా నటిని వెతకండి. ముఖానికి నల్లరంగు పూసి పేదవాళ్లని తయారు చేయకండి. జనగామ, నల్లగొండ యాస తెలిసినవాళ్లని ఒకరిని డైలాగుల కోసం మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి, డబ్బిచ్చి, పోస్టర్ మీద పేరు వేసి. రాసే గదిలో ఎవరున్నారో ఒకసారి చుట్టూ చూడండి. అందరూ ఒకే కులం, అందరూ మగవాళ్లయితే రిహార్సల్ మొదలుకాకముందే ఇద్దరు ముగ్గురిని పిలవండి. "ఇది ఇలా జరగదన్నా" అని చెప్పే హక్కు వాళ్లకి ఉండాలి, చెప్తే సీన్ మారాలి.

చదివి వినిపించండి, తర్వాతే షూటింగ్

మీరు ఎంచుకున్న ప్రాంతానికి వెళ్లి స్క్రిప్టుని చదివి వినిపించండి. గడీల వారసులున్నారు, అమరుల మనవళ్లున్నారు, 1948లో ఊరు వదిలి మళ్లీ వచ్చిన కుటుంబాలున్నాయి. ఒకే సభలో అందరినీ కూర్చోబెట్టకండి, మాట రాదు. విడివిడిగా, ముఖ్యంగా ఆడవాళ్లని విడిగా కలవండి. వాళ్లు చెప్పిన సొంత సంగతి కథలో వాడాలనుకుంటే మళ్లీ వెళ్లి అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. పాత కాగితాల కోసం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, పుస్తకాల కోసం హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఉర్దూ చదవగలిగేవాళ్లు ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది, లేదంటే సగం చరిత్ర మూసిన ఫైళ్లలోనే ఉండిపోతుంది.

ఆఖరి పని టైటిల్ కార్డు. "నిజ సంఘటనల ఆధారంగా" అని ఒక్క ముక్క రాసి తప్పించుకోకండి. ఏ పేర్లు నిజం, ఏ ఊరు ఊహ, ఏ రెండు సంఘటనలను ఒకటిగా కలిపారు, సుందరయ్య లెక్క ఏది, సుందర్‌లాల్ బృందం లెక్క ఏది అన్నది నాలుగైదు వాక్యాల్లో స్పష్టంగా రాయండి. నాటకమైతే తెర తీసేముందు ఒకరు వచ్చి చదవాలి. ఆ పని హీరో వేషం వేసిన నటుడికి కాకుండా చాకలి అవ్వ వేషం వేసిన నటికి ఇవ్వండి.